టోక్యో వెళ్తున్నారా? ఎక్కడ దిగాలో తేల్చుకోవడానికి పూర్తి గైడ్

టోక్యో ట్రిప్ అనుకోగానే అందరూ ముందు అడిగేది "ఏ ఏరియాలో హోటల్ తీసుకోవాలి?" అని. ఎవరిని అడిగినా షింజుకు అనో, షిబుయా అనో చెప్పేస్తారు. రెండూ మంచి చోట్లే, కానీ అమ్మానాన్నల్ని, చిన్నపిల్లల్ని వెంటేసుకుని, నాలుగు పెద్ద సూట్‌కేసులతో దిగే తెలుగు కుటుంబానికి అవి సరిపోతాయా అంటే చాలాసార్లు సరిపోవు. నేను నమ్మేది ఒక్కటే: టోక్యోలో ముందు స్టేషన్ ఎంచుకోండి, హోటల్ తర్వాత. ఏరియా ఎంత పేరున్నదైనా, రోజంతా తిరిగి వచ్చాక స్టేషన్ నుంచి ఇంకో పావుగంట నడవాల్సి వస్తే ఆ పేరు ఎందుకూ పనికిరాదు. అక్కడ రోజుకు 15 వేల అడుగులు నడవడం మామూలు విషయం, ఈ లెక్క మనసులో పెట్టుకుని మిగతాది చదవండి.

అడుగు 1: ఊరు ఎలా ఉంటుందో ముందు అర్థం చేసుకోండి

టోక్యో నగరం అని మనం అనుకునేది 23 వార్డుల ప్రాంతం. మొత్తం సుమారు 630 చదరపు కిలోమీటర్లు, అంటే విస్తరించక ముందు జీహెచ్ఎంసీ ఎంత ఉండేదో దాదాపు అంత. అందులోనే 95 లక్షలకు పైగా జనం ఉంటారు. వార్డులు దాటి చుట్టూ యోకోహామా, చీబా, సైతామా అన్నీ కలిసిపోయి ఉంటాయి, ఎక్కడ ఒక ఊరు అయిపోయి ఇంకోటి మొదలైందో రైల్లో కూర్చున్నవాళ్లకు తెలియనే తెలియదు.

ఈ ఊరికి ఒకే సెంటర్ అంటూ లేదు. యమనోటే లైన్ అని జేఆర్ కంపెనీ నడిపే లోకల్ రైలు ఒకటి గుండ్రంగా తిరుగుతుంది, 34.5 కిలోమీటర్లు, 30 స్టేషన్లు, ఒక చుట్టుకు గంట పైచిలుకు. షింజుకు, షిబుయా, షినగావా, టోక్యో స్టేషన్, అకిహబారా, ఉయెనో, ఇకెబుకురో అన్నీ ఈ చుట్టు మీదే ఉన్నాయి, ఒక్కొక్కటీ ఒక్కో సెంటర్ లాంటిదే. కాబట్టి ఈ చుట్టు మీదో, దానికి తూర్పున సుమిదా నది దాకా ఉన్న పాత టోక్యోలోనో ఉంటే ఎక్కడికైనా అరగంట, మహా అయితే నలభై నిమిషాలు. "సెంటర్‌కి దగ్గరా?" అన్న ప్రశ్న ఇక్కడ పనిచేయదు, "నేను వెళ్లే చోట్లకు మారకుండా రైలు ఉందా?" అన్నదే అడగాలి.

ఇంకో సంగతి. రైళ్లు ఒకే కంపెనీవి కావు. జేఆర్ వేరు, టోక్యో మెట్రో 9 లైన్లు వేరు, తోయెయి సబ్‌వే 4 లైన్లు వేరు, ఇవి కాక ప్రైవేటు రైళ్లు ఉన్నాయి. ఒక కంపెనీ నుంచి ఇంకో కంపెనీకి మారితే చాలాచోట్ల టికెట్ మళ్లీ మొదటి నుంచి లెక్క. సుయికా, పాస్మో అనే డబ్బులు నింపుకుని వాడే కార్డు దేంట్లోనైనా చెల్లుతుంది కానీ డబ్బులు మాత్రం విడివిడిగా పోతాయి. టూరిస్టుల కోసం 24, 48, 72 గంటల టోక్యో సబ్‌వే టికెట్ ఉంది, అది మెట్రో, తోయెయి కలిపి 13 లైన్లలో పనిచేస్తుంది, జేఆర్‌లో చెల్లదు. అందుకే యమనోటే స్టేషన్ ఒక్కటే ఉన్న చోటు కన్నా, సబ్‌వే కూడా దగ్గర్లో ఉన్న చోటు తీసుకుంటే నాలాంటి లెక్కల మనిషికి హాయి.

అడుగు 2: ఎయిర్‌పోర్టు ఏదో చూసుకోండి

హైదరాబాద్ నుంచి అయితే ఢిల్లీ, బెంగళూరు, బ్యాంకాక్, సింగపూర్ లాంటి చోట ఎక్కడో ఒకచోట మారి వెళ్లడం మామూలు. టికెట్ కొనేటప్పుడే దిగేది నరితానా, హనెదానా అని చూడండి. హనెదా ఊళ్లోనే ఉంది, అక్కడి నుంచి కేక్యూ రైల్లో షినగావాకు సుమారు పావుగంట. నరితా పక్కన ఉన్న చీబాలో ఉంది, టోక్యో స్టేషన్‌కు దాదాపు 60 కిలోమీటర్లు.

నరితాలో దిగేవాళ్లకు తూర్పు వైపు దిగడమే మేలు. కెయిసెయి స్కైలైనర్ అనే రైలు నలభై నిమిషాల్లోపు నిప్పోరికి, ఆ తర్వాత కాసేపటికే ఉయెనోకు చేరుస్తుంది. అదే షింజుకు అయితే నరితా ఎక్స్‌ప్రెస్‌లో దాదాపు గంటన్నర. రాత్రంతా విమానంలో నిద్ర లేకుండా వచ్చినప్పుడు ఈ తేడా బాగా తెలుస్తుంది.

ఒక లైన్ పేరు మాత్రం రాసిపెట్టుకోండి, తోయెయి అసాకుసా లైన్. ఇది ఒక చివర కేక్యూతో, ఇంకో చివర కెయిసెయితో కలిసి నడుస్తుంది, కాబట్టి హనెదా నుంచీ నరితా నుంచీ కూడా మారకుండా నేరుగా ఊరి మధ్యకు తీసుకొచ్చే రైళ్లు ఇందులో ఉంటాయి. అసాకుసా, అసాకుసాబాషి, హిగాషి నిహోంబాషి, నింగ్యోచో, హిగాషి గింజా, షింబాషి అన్నీ దీని మీదే. అన్ని ఎక్స్‌ప్రెస్‌లూ అన్ని స్టేషన్లలో ఆగవు, బోర్డు చూసి ఎక్కాలి, అంతే.

అడుగు 3: వెళ్లే చోట్లు రాసుకుని వైపులు గుర్తు పెట్టండి

కాగితం మీద రోజులవారీగా రాయండి. ఊళ్లో తిరిగేది ఎలాగూ అన్ని వైపులా ఉంటుంది, అసలు తేడా ఊరి బయటకు వెళ్లే రోజుల్లోనే వస్తుంది, ఎందుకంటే ఆ రోజులు పొద్దున్నే మొదలవుతాయి. ఫుజి కొండ చూడటానికి కవాగుచికోకు వెళ్లే బస్సులు, హకోనెకు వెళ్లే రొమాన్స్‌కార్ రైలు షింజుకు నుంచి బయల్దేరతాయి. నిక్కోకు తోబు రైలు అసాకుసా నుంచి. డిస్నీలాండ్‌కు టోక్యో స్టేషన్ నుంచి కెయియో లైన్, కానీ ఆ ప్లాట్‌ఫాం స్టేషన్‌లో ఒక మూలన ఉంటుంది, మిగతా ప్లాట్‌ఫాంల నుంచి చాలాదూరం నడవాలి, పిల్లలుంటే ఆ సమయం కలుపుకోండి. క్యోటో, ఒసాకా వెళ్లే షింకన్‌సెన్ అనే బుల్లెట్ రైలు టోక్యో స్టేషన్, షినగావా నుంచి.

ఫుజి, హకోనె రెండూ ఉన్నాయంటే షింజుకు వైపు మొగ్గండి. క్యోటో ప్రయాణం ఉంటే తూర్పు వైపు. రెండూ ఉంటే, వారానికి మించి ఉండేవాళ్లు చెరో వైపు కొన్ని రాత్రులు పంచుకోవచ్చు. అయిదారు రోజులకైతే హోటల్ మారొద్దు, సామాను సర్దుకుని చెక్ అవుట్, మళ్లీ చెక్ ఇన్ అంటే సగం రోజు పోయినట్టే.

అడుగు 4: ఏరియా ఎంచుకోవడం

*ఉయెనో, ఒకాచిమాచి.* మొదటిసారి కుటుంబంతో వెళ్లేవాళ్లకు నా ఓటు దీనికే. స్కైలైనర్ ఇక్కడికే వస్తుంది, యమనోటే ఉంది, గింజా లైన్, హిబియా లైన్ ఉన్నాయి, షింకన్‌సెన్ ఉత్తరం వైపు ఇక్కడి నుంచే వెళ్తుంది. పార్కు, జూ, నేషనల్ మ్యూజియం నడిచి వెళ్లే దూరం. అమెయోకో బజారు సాయంత్రం పూట మన కోఠి సందుల్లా కళకళలాడుతుంది. అన్నిటికన్నా ముఖ్యం, ఒకాచిమాచి చుట్టుపక్కల ఇండియన్ రెస్టారెంట్లు ఉన్నాయి. ఆంధ్రా కిచెన్ ఇక్కడే, జపాన్‌లో ఆంధ్రా భోజనం అంటే ముందు చెప్పుకునే పేర్లలో అదొకటి. అక్కడి జపనీయులే వరసలో నిలబడి ఆ భోజనం తింటారు, చూస్తే సంతోషమేస్తుంది. వెళ్లే ముందు ఆ రోజు తెరిచి ఉందో లేదో మ్యాప్‌లో చూసుకోండి. రేట్లు కూడా షింజుకు, గింజాల కన్నా చాలాసార్లు తక్కువే ఉంటాయి.

ఒక జాగ్రత్త. ఉయెనోకీ నిప్పోరికీ మధ్య ఉగుయిసుదానీ అనే స్టేషన్ ఉంది, రేటు తక్కువగా కనిపిస్తుంది, కానీ స్టేషన్ చుట్టూ ఎక్కువగా గంటల లెక్కన ఇచ్చే లవ్ హోటళ్లే. ప్రమాదమేమీ లేదు, కానీ పెద్దవాళ్లతో వెళ్తే ఇబ్బందిగా ఉంటుంది.

*అసాకుసా.* సెన్సోజీ గుడి, కమినారిమోన్ ద్వారం, పాత ఊరి వాతావరణం కావాలంటే ఇదే. గుడి ముందరి నకామిసె వీధి దుకాణాలు సాయంత్రానికే మూసేస్తారు, ఆ తర్వాత ఏరియా ప్రశాంతంగా ఉంటుంది, రాత్రి లైట్లలో గుడి పగటికన్నా బాగుంటుంది. యమనోటే మీద లేదు కాబట్టి షిబుయా వైపు వెళ్లాలంటే గింజా లైన్‌లో ఈ చివర నుంచి ఆ చివర దాకా అరగంటకు పైనే. అసాకుసా పేరుతో నాలుగు కంపెనీల స్టేషన్లు ఉన్నాయి, అందులో సుకుబా ఎక్స్‌ప్రెస్ స్టేషన్ మిగతా వాటికి కాస్త దూరంగా విడిగా ఉంటుంది. "అసాకుసా స్టేషన్‌కి 3 నిమిషాలు" అని హోటల్ రాస్తే ఏ అసాకుసాకో చూడండి. అలాగే అసాకుసాబాషి వేరే స్టేషన్. అకాసాకా అయితే ఊరికి ఇంకో వైపున్న వేరే ఏరియానే, వినడానికి దగ్గరగా ఉండటంతో బుకింగ్‌లో ఒకదానికొకటి పడే అవకాశం ఉంది.

*కురమాయె, హిగాషి నిహోంబాషి, నింగ్యోచో.* భార్యాభర్తలు ఇద్దరే వెళ్తున్నా, స్నేహితులు వెళ్తున్నా నేను ఇటే చూడమంటాను. ఇవి టూరిస్టు పేర్లు కావు, ఆఫీసులు, పాత దుకాణాలు ఉండే వీధులు, రాత్రి నిశ్శబ్దం. బిజినెస్ హోటళ్లు బోలెడు. శని, ఆదివారాల్లో ఆఫీసువాళ్లు ఉండరు కాబట్టి ఒక్కోసారి మంచి రేటు దొరుకుతుంది. పైన చెప్పిన అసాకుసా లైన్ దీని వెన్నెముక. కురమాయెలో అంబికా అనే ఇండియన్ సరుకుల దుకాణం ఉంది, పప్పులు, మసాలాలు, రెడీ టు ఈట్ ప్యాకెట్లు దొరుకుతాయి.

*షింజుకు.* ప్రపంచంలోకెల్లా రద్దీ స్టేషన్, 200కు పైగా ద్వారాలు. రాత్రి హడావుడి, తిండి, షాపింగ్, ఫుజి బస్సులు, అన్నీ ఉన్నాయి. కుర్రాళ్లు నలుగురు కలిసి వెళ్తుంటే ఇక్కడే ఉండండి, వద్దనను. అయితే షింజుకు అంతా ఒకటి కాదు. తూర్పు వైపు కబుకిచో రాత్రంతా మెలకువగా ఉంటుంది, రోడ్డు మీద ఎవరైనా పలకరించి బారుకు రమ్మంటే ఆగకుండా ముందుకు నడవండి, వెంట వెళ్తే బిల్లు ఎంత వేస్తారో ఎవరూ చెప్పలేరు. పడమర వైపు ఎత్తయిన భవనాలు, వెడల్పు రోడ్లు, ప్రశాంతం. టోక్యో ప్రభుత్వ కార్యాలయం అటే, దాని 45వ అంతస్తు నుంచి ఊరంతా ఉచితంగా చూడొచ్చు. కానీ అక్కడి పెద్ద హోటళ్లు కొన్ని స్టేషన్ నుంచి పది పదిహేను నిమిషాల నడక. ఒక స్టేషన్ అవతల షిన్ ఒకుబో, కొరియా దుకాణాల వీధి, అక్కడే హలాల్ మాంసం, మసాలాలు అమ్మే సందు కూడా ఉంది.

*షిబుయా.* చూడటానికి అద్భుతం, ఉండటానికి ఖరీదు. రూములు త్వరగా అయిపోతాయి, స్టేషన్ చుట్టూ ఏళ్ల తరబడి నిర్మాణ పనులు నడుస్తున్నాయి, సూట్‌కేసులతో దారి వెతుక్కోవడం కష్టం. ఒక సాయంత్రం వెళ్లి రండి చాలు.

*గింజా, టోక్యో స్టేషన్ చుట్టూ.* డబ్బు ఖర్చు పెట్టగలిగితే, మరీ ముఖ్యంగా క్యోటోకు పొద్దున్నే వెళ్లాల్సి ఉంటే, ఇంతకన్నా సుఖం లేదు. ఇకెబుకురో రేటు తక్కువ, సౌకర్యం బాగానే ఉంటుంది, నరితాకు మాత్రం దూరం. ఒత్సుకా, సుగామో లాంటి చిన్న యమనోటే స్టేషన్లు కూడా ఒకసారి చూడండి, పేరు లేనందుకే రేటు తగ్గుతుంది.

*నిషి కసాయి.* ఎదొగావా వార్డులో భారతీయులు ఎక్కువగా ఉండే చోటు. 2000 సంవత్సరం ముందు వెనకల సాఫ్ట్‌వేర్ పనుల మీద వచ్చినవాళ్లతో మొదలై పెరిగింది, తెలుగువాళ్లూ ఉంటారు. చుట్టాలు ఉంటే తప్ప టూరిస్టుగా ఇక్కడ దిగమని చెప్పను. తోజాయి లైన్‌లో ఊరి మధ్యకు పావుగంట, ఇరవై నిమిషాలే, కానీ పొద్దున ఆఫీసు టైములో ఆ లైన్ రద్దీకి పెట్టింది పేరు, పిల్లల స్ట్రాలర్‌తో అందులో ఎక్కే ధైర్యం చేయొద్దు.

అడుగు 5: స్టేషన్ ఏ ద్వారం, లిఫ్టు ఎక్కడ

ఇది చాలామంది చూడరు, అసలు చూడాల్సింది ఇదే. హోటల్ పేజీలో "స్టేషన్‌కి 4 నిమిషాలు" అని ఉంటుంది, అది దగ్గర్లోని ద్వారం నుంచి లెక్క. జపాన్ రియల్ ఎస్టేట్ ప్రకటనల్లో నిమిషానికి 80 మీటర్లు అని లెక్క కడతారు, సామానుతో మన నడక అంత వేగం ఉండదు. పైగా ఆ దగ్గరి ద్వారానికి మెట్లే ఉండి, లిఫ్టు ఉన్న ద్వారం రోడ్డుకు అవతలి చివర ఉండొచ్చు. పాత సబ్‌వే లైన్లలో ఇది మామూలే. గూగుల్ మ్యాప్స్‌లో హోటల్ నుంచి స్టేషన్‌కు నడక దారి పెట్టి చూడండి, తర్వాత ఆ స్టేషన్ పేజీలో లిఫ్టు గుర్తు ఉన్న ద్వారం నంబరు రాసుకోండి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు వెంట ఉంటే ఇది తప్పనిసరి. ఓయెదో లైన్ చాలా లోతున ఉంటుంది, ప్లాట్‌ఫాం నుంచి పైకి రావడానికే చాలా సమయం పడుతుంది, అది కూడా కలపండి.

అడ్రసులో వార్డు పేరు కూడా చూడండి. తాయితో, చువో, చియోదా, షింజుకు, షిబుయా, తోషిమా, మినాతో, సుమిదా అని ఉంటే ఊరి మధ్యలోనే. హోటల్ పేరులో టోక్యో ఉండి అడ్రసులో చీబా అని ఉంటే అది వేరే జిల్లా, డిస్నీకి వెళ్లేవాళ్లకు పనికొస్తుంది కానీ రోజూ ఊళ్లోకి రాకపోకలంటే విసుగొస్తుంది.

రైళ్లు రాత్రంతా ఉండవు. అర్ధరాత్రి దాటాక కాసేపటికి ఆగిపోయి, మళ్లీ తెల్లవారుజామున సుమారు 5 గంటలకు మొదలవుతాయి. టాక్సీకి రాత్రి 10 నుంచి ఉదయం 5 దాకా 20 శాతం అదనం.

అడుగు 6: రూము

మామూలు బిజినెస్ హోటల్ రూము 11 నుంచి 15 చదరపు మీటర్లు. మంచం, చిన్న బల్ల, ప్లాస్టిక్ డబ్బాలా ఉండే చిన్న బాత్‌రూము, అంతే. రెండు పెద్ద సూట్‌కేసులు ఒకేసారి తెరిచి పెట్టే చోటు ఉండదు. అందుకని ఫోటోలు చూడకండి, చదరపు మీటర్లు చూడండి. ఇద్దరికి కనీసం 15 ఉంటే బాగుంటుంది, 18 ఉంటే హాయి. సెమీ డబుల్ అంటే 120 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న మంచం, ఇద్దరు పడుకోవచ్చని రాస్తారు కానీ నిద్ర పట్టదు. రెండు విడి మంచాలుండే ట్విన్ తీసుకోండి. నాన్ స్మోకింగ్ అని విడిగా ఎంచుకోవాలి, ఇప్పటికీ సిగరెట్ రూములు ఇస్తున్నారు.

నలుగురు ఒకే రూములో అంటే దొరకడం కష్టం. మూడు దారులు ఉన్నాయి. రెండు రూములు తీసుకోవడం. కిచెన్ ఉన్న అపార్ట్‌మెంట్ హోటల్, మిమారు లాంటివి, కుటుంబాల కోసమే కట్టినవి. లేదా తతామీ చాప మీద పరుపులు పరిచే జపనీస్ రూము, పిల్లలకు ఇది పండగే కానీ నేల మీద కూర్చుని లేవలేని పెద్దవాళ్లకు వద్దు. పిల్లల సంఖ్య, వయసు ఉన్నది ఉన్నట్టు పెట్టండి, అక్కడ రేటు మనుషుల లెక్కన మారుతుంది, రాయనివాళ్లను తెస్తే కౌంటర్ దగ్గర గొడవ.

ఎయిర్‌బీఎన్‌బీ తరహా ఇళ్లకు 2018 నుంచి చట్టం ఉంది, లైసెన్సు నంబరు తప్పనిసరి. నంబరు కనిపించకపోతే వదిలేయండి. చెత్త వేరు చేసి వేయడం, మెట్ల మీద సామాను మోయడం మీ పనే అవుతుంది. క్యాప్సూల్ హోటళ్లు ఒంటరిగా తిరిగేవాళ్లకు ఒకటి రెండు రాత్రులకు బాగానే ఉంటాయి, ఎక్కువ చోట్ల ఆడ, మగ అంతస్తులు వేరువేరు, పెద్ద సూట్‌కేసుకు మాత్రం చోటు అడిగి తెలుసుకోండి.

తిండి విషయంలో శాకాహారులు ఒకటి గుర్తుంచుకోవాలి. కూరగాయల వంటలా కనిపించేదాంట్లో కూడా చాలాసార్లు దాషి అనే చేపల రసం ఉంటుంది. అందుకే శాకాహారులకు కిచెన్ ఉన్న రూము లేదా ఇండియన్ రెస్టారెంట్లు దగ్గరున్న స్టేషన్, రెండింట్లో ఒకటి ఉండాలంటాను. ఇంటి నుంచి ఎలక్ట్రిక్ కుక్కర్, కెటిల్ మోసుకెళ్లకండి, అక్కడ కరెంటు 100 వోల్టులే, మన 230 వోల్టుల కుక్కర్ సరిగా వేడెక్కదు. ప్లగ్గు కూడా రెండు బల్లపరుపు పిన్నులది, మన ఛార్జర్‌కు అడాప్టర్ కావాలి. కెటిల్ ఎలాగూ దాదాపు ప్రతి హోటల్ రూములో ఉంటుంది.

అడుగు 7: ఎప్పుడు, ఎలా బుక్ చేయాలి

మార్చి చివర నుంచి ఏప్రిల్ మొదటి వారం దాకా చెర్రీ పూల కాలం, ఏప్రిల్ 29 నుంచి మే 5 చుట్టూ గోల్డెన్ వీక్, నవంబరు చివర ఎర్ర ఆకుల కాలం. అప్పుడు రేట్లు మండిపోతాయి, నాలుగైదు నెలల ముందే తీసుకోండి. మన పిల్లల వేసవి సెలవుల్లో వెళ్లాలంటే గోల్డెన్ వీక్ అయిపోయిన తర్వాతి రోజులు చాలా మంచివి, జూన్‌లో వానలు మొదలవుతాయి. ఏ నెలైనా శనివారం రాత్రి రేటు ఎక్కువ, తేదీలు అటూ ఇటూ జరిపి చూడండి. మామూలు రోజుల్లో ఇద్దరికి మంచి బిజినెస్ హోటల్ 10 వేల నుంచి 20 వేల యెన్‌లు అనుకోవచ్చు.

వీసా దరఖాస్తులో ఏ రోజు ఎక్కడ ఉంటారో హోటల్ పేరు, ఫోన్ నంబరుతో షెడ్యూల్ ఇవ్వాలి. కాబట్టి వీసా రాకముందు చేసే బుకింగ్‌లన్నీ ఉచితంగా రద్దు చేసుకునేవే అయ్యుండాలి, నాన్ రిఫండబుల్ వైపు చూడొద్దు. వీసా వచ్చాక అదే హోటల్ రేటు మళ్లీ చూడండి, తగ్గి ఉంటే కొత్తగా తీసుకుని పాతది రద్దు చేయండి.

అడుగు 8: దిగిన రోజు

ఈవీసా ఉన్నవాళ్లు విమానాశ్రయంలో ఫోన్‌లో ఇంటర్నెట్ ద్వారా దాన్ని తెరిచి చూపించాలి, స్క్రీన్‌షాట్ కుదరదు, అందుకని ఈసిమ్ ముందే వేసుకోండి. విజిట్ జపాన్ వెబ్ అనే జపాన్ ప్రభుత్వ వెబ్‌సైటులో వివరాలు ఇంట్లోనే నింపేయండి, హోటల్ అడ్రసు, పిన్ కోడ్ అందులో అడుగుతారు. టెన్షన్ పడే పనేమీ లేదు.

చెక్ ఇన్ చాలాచోట్ల మధ్యాహ్నం 3 గంటలకు, చెక్ అవుట్ 10 లేదా 11కు. పొద్దున్నే చేరితే రూము ఇవ్వరు, సామాను మాత్రం ఉంచుకుంటారు, రసీదు తీసుకుని తిరగడానికి వెళ్లిపోండి. పాస్‌పోర్టు కాపీ తీసుకుంటారు, ఆ వివరాలు నమోదు చేయడం చట్టం. ఎయిర్‌పోర్టులోనే సుయికా కార్డు కొని నగదుతో నింపండి.

క్యోటోకు వెళ్లేవాళ్లు పెద్ద సూట్‌కేసుల్ని రైలెక్కించకండి. బయల్దేరే ముందు రోజు హోటల్ కౌంటర్‌లో టక్యూబిన్ అని చెబితే ఫారం ఇస్తారు, నల్ల పిల్లి బొమ్మ ఉన్న యమాటో కంపెనీ లాంటివాళ్లు వచ్చి తీసుకెళ్లి, మామూలుగా మర్నాటికి క్యోటో హోటల్‌కు చేరుస్తారు. ఒక రాత్రికి సరిపడా బట్టలు, మందులు, పాస్‌పోర్టు మాత్రం చేతి సంచిలో పెట్టుకోండి, తర్వాతి హోటల్ అడ్రసు జపనీస్ లిపిలో ఉన్న స్క్రీన్‌షాట్ ఫోన్‌లో ఉంచితే ఫారం నింపడం తేలికవుతుంది.